రెండు గీతల చప్పుడు

నారిన్ నది గడ్డకట్టిన డిసెంబరులో
ఆ కొండబడి వెనక బెంచీలో కూర్చున్నాను.
ఒళ్లో పరిశీలన పత్రం,
అరనిమిషానికో గడి.
పాల్గొంటే టిక్కు, పాల్గొనకపోతే ఇంటూ.
బిష్కెక్‌లో మా సంస్థ చేతికిచ్చిన ప్రశ్న చిన్నదే:
చూపు లేని పిల్లవాడు చూపున్నవాళ్ల మధ్య
ఎంత నేర్చుకుంటాడు?

ఎంత!
కుంచంతో కొలిచి పొయ్యమన్నట్టు.

అర్గెన్‌కి పదేళ్లు.
పొయ్యి పక్క చోటు వాడిది.
బొగ్గు ఎప్పుడు వెయ్యాలో వాడే చెబుతాడు,
మంట గొంతు మారిందని.
నేనది రాసుకోలేదు. పాఠంలో భాగం కాదు కదా.

ఆ రోజు భూగోళం పాఠానికి జిపార్ టీచరు
పాత ఉన్నికంబళి మీద తమ లోయ పటం కుట్టుకొచ్చింది.
కొండలకి రెండు పొరల ఉన్ని,
దారులకి గుర్రపువెంట్రుకల పురి,
నదికి ఎర్రదారం. కొట్లో నీలం దొరకలేదట.
"నది ఎర్రగా ఉంటుందా?" ముందు వరసలో ఎల్దార్ నవ్వాడు.
"నీకొక్కడికే," అన్నాడు అర్గెన్.
తరగతంతా గొల్లుమంది.
దానికి టిక్కా, ఇంటూనా
తేల్చుకునేలోపు అరనిమిషం అయిపోయింది.

పటం చేతులు మారుతూ వెళ్లింది.
ఎవరూ చెప్పకుండానే
కళ్లున్నవాళ్లూ కళ్లు మూసుకుని తడిమారు.
అర్గెన్ వేలు మాత్రం వంతెన దగ్గర ఆగిపోయింది.
"టీచర్, ఇది తప్పు.
పిండిమర రాకముందే తిరుగుతుంది నది.
తాత బండిలో వెళ్తుంటే
నీళ్ల చప్పుడు ఎడమ చెవి వదిలి కుడి చెవిలోకొస్తుంది,
ఆ తర్వాతే పిండి వాసన."

జిపార్ వాదించలేదు.
సొరుగులోంచి కత్తెర తీసి
అందరి ముందే కుట్టు విప్పడం మొదలెట్టింది.
నేను పత్రం తిరగేశాను, మరగేశాను.
పిల్లలు నేర్చుకుంటే గుర్తు పెట్టడానికి పన్నెండు వరసలున్నాయి,
టీచరు నేర్చుకుంటే ఎక్కడ పెట్టాలో లేదు.

ఇంతవరకే జరిగుంటే
నివేదికలో ముచ్చటైన ఒక పేరా అయ్యేది.

గంట కొట్టారు. పిల్లలు మంచులోకి ఉరికారు.
వాడు బల్లలు లెక్కపెట్టుకుంటూ నా దాకా వచ్చాడు.
"అక్కా, ఇవాళ నాకు నాలుగు తప్పులు కదా?"
ఏం తప్పులన్నాను.
"ఒక గీత చప్పుడైతే ఒప్పు. రెండు గీతలైతే తప్పు.
మొదటి రోజే తెలిసిపోయింది.
రెండు గీతలు వినపడ్డాయంటే
ఇంక నేను మాట్లాడను."

మూడు వారాలు.
నా పత్రాల నిండా వాడి మౌనం.
దానికి శాతాలు కట్టాను,
తగ్గుతున్న భాగస్వామ్యమని పేరు పెట్టాను,
చలి వల్ల కావచ్చని అడుగున ఒక వాక్యం కూడా రాశాను.
నేను వాణ్ణి చదువుతున్నాననుకున్న ప్రతి పూటా
వాడు నా పెన్నుని చదువుతున్నాడు,
ఒక్క అక్షరం పొల్లు పోకుండా.

తక్కెడ ముల్లు మీద తన వేలే ఉందని
తూచేవాళ్లకి ఎవరు చెప్పాలి?

ఆ రాత్రి అతిథిగదిలో ఇంటూలన్నీ మళ్లీ లెక్కపెట్టాను.
ఏవి వాడివో, ఏవి నావో
విడదీసే సూత్రం నాకెవరూ నేర్పలేదు.

మర్నాడు పెన్ను సంచీలోనే ఉంచాను.
పాఠం సగంలో వాడు వెనక్కి తిరిగాడు.
"మీరు వెళ్లిపోయారా?"
ఉన్నానన్నాను.
"మరి ఏం చేస్తున్నారు?"

తరగతి మొత్తం నావైపు తిరిగింది,
జిపార్ కూడా, సుద్దముక్క గాల్లో ఆపి.
మూడేళ్ల పరిశోధన, రెండు భాషల్లో సారాంశం,
ఒక్క మాటా నోటికి రాలేదు.
"ఊరికే కూర్చున్నాను," అన్నాను.

వాడు కాసేపు ఆలోచించాడు.
"అయితే లేచి కాస్త బొగ్గు వెయ్యండి.
వినపడటం లేదూ?"